గుర్రుమనడం మానేసిన కుక్క: డామినెన్స్ ట్రైనింగ్ తర్వాత వచ్చిన ఒక కేసు

లాబ్రడార్ క్రాస్, మగ, మూడేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఇక్కడ బ్రూనో అంటాను, అసలు పేరు అది కాదు. ఇంట్లో భార్యాభర్తలు, ఎనిమిదేళ్ల పాప, భర్త తల్లి ఉంటారు. "ఏ హెచ్చరికా లేకుండా కరుస్తోంది సర్" అన్నది వాళ్ల ఫిర్యాదు. అప్పటికి రెండు కాట్లు పడ్డాయి. మొదటిది తిండి గిన్నె దగ్గర, భర్త ముంజేతి మీద. రెండోది సోఫా మీంచి దించబోతే భార్య చేతి మీద. ఇవి కాక, పాప సోఫా పక్కనుంచి నడిచి వెళ్తుంటే ఒకసారి గబుక్కున నోరు చాపింది, పళ్లు తగల్లేదు. ఆ మూడో సంఘటన తర్వాతే, కుక్కను వదిలించుకోవాలా, ఇంజెక్షన్ వేయించి చంపించాలా అన్న మాట ఆ ఇంట్లో మొదలైంది.

కాటు తీవ్రతను కొలవడానికి, కుక్కల ప్రవర్తన సమస్యలు చూసే మేం, ఇయాన్ డన్‌బార్ అనే వెటర్నరీ డాక్టర్ చేసిన ఆరు స్థాయిల కొలమానం వాడతాం. భర్త ముంజేతి మీది కాటు మూడో స్థాయిది, అంటే ఒకే కాటు, పంటి గాట్లు నాలుగుకు మించలేదు, ఏ గాటూ కోరపన్ను పొడవులో సగం కంటే లోతు దిగలేదు. భార్యకు పడింది అంతకంటే చిన్నది. ఇద్దరూ గాయాన్ని సబ్బుతో నీళ్ల కింద 15 నిమిషాలు కడుక్కుని డాక్టర్ దగ్గరికి వెళ్లారు, సరిగ్గా చేయాల్సిన పని అది, పెంపుడు కుక్కే కదా అని చాలామంది ఆ ఒక్క పనే మానేస్తారు.

"హెచ్చరిక లేకుండా" అనే మాట విన్నప్పుడల్లా నేను పాత సంగతులు తవ్వుతాను, ఎందుకంటే నిజంగా హెచ్చరిక లేకుండా కరిచే కుక్కలు చాలా అరుదు. కుక్క కరవడానికి ముందు పెద్ద వరసే ఉంటుంది. మొహం పక్కకు తిప్పుకుంటుంది, పెదవులు నాకుతుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, ఒళ్లు బిగబట్టి కదలకుండా ఆగిపోతుంది, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరచూపు చూస్తుంది, తర్వాత గుర్రుమంటుంది, పళ్లు చూపిస్తుంది, గాల్లో నోరు చాపుతుంది, ఇవేవీ పనిచేయనప్పుడు కరుస్తుంది. మొదటివి మనుషులకు కనిపించవు. గుర్రుమనడం మాత్రం ఎవరికైనా వినిపిస్తుంది. అందుకే అడిగాను, మీ కుక్క ఎప్పుడూ గుర్రుమనలేదా అని.

"అనేది సర్. గిన్నె దగ్గర, సోఫా మీద. అది ట్రైనర్ మాన్పించాడు."

ఈ కేసు మొత్తం ఆ జవాబులోనే ఉంది.

ట్రైనర్ ఏం చేశాడో వివరంగా రాయించుకున్నాను. కుక్కను చూసిన కాసేపటికే ఇది డామినెంట్ కుక్క, ఇంటికి తనే యజమాని అనుకుంటోంది అని తేల్చేశాడట. చికిత్స పేరుతో ఇచ్చినవి ఇవీ: కుక్క గుర్రుమంటే వెంటనే మెడ పట్టుకుని వెల్లకిలా పడేసి అది కదలడం మానేదాకా నొక్కి ఉంచాలి, దీన్నే ఆల్ఫా రోల్ అంటారు. తింటున్నప్పుడు మధ్యలో గిన్నెలో చేయి పెట్టాలి, గిన్నె తీసేసుకోవాలి, ఇది నీది కాదు నాది అని దానికి తెలియాలి. బయటికి తీసుకెళ్లేటప్పుడు మెడకు లోపలి వైపు ఇనుప ముళ్లుండే ప్రాంగ్ కాలర్ వేయాలి, వేరే కుక్క వైపు చూస్తే లీష్‌ను గట్టిగా ఒక్క గుంజు గుంజాలి. ఇంట్లో వాళ్లంతా తిన్నాకే దానికి పెట్టాలి, గుమ్మం దాటేటప్పుడు అది ముందు వెళ్లకూడదు. కళ్లలోకి సూటిగా చూడాలి, అది చూపు తిప్పుకునేదాకా మనం తిప్పుకోకూడదు.

కొన్ని వారాల్లో గుర్రుమనడం ఆగిపోయింది. అందరూ సంతోషించారు. ట్రైనర్ తన పని అయిపోయిందన్నాడు. ఆ తర్వాత మొదటి కాటు పడింది.

ఇందులో విచిత్రం ఏమీ లేదు. గుర్రుమనడం అనే ప్రవర్తనకు శిక్ష పడింది, ఆ ప్రవర్తన తగ్గింది, శిక్ష చేసే పని అదే. కానీ బ్రూనో ఎందుకు గుర్రుమన్నాడో ఆ కారణం అలాగే ఉంది, పైగా పెరిగింది. ఇదివరకు గిన్నె దగ్గరికి మనిషి వస్తే "తిండి పోతుందేమో" అన్న భయం ఒకటే. ఇప్పుడు మనిషి వస్తే నిజంగానే తిండి పోతోంది, మెడ పట్టుకుని నేలకేసి నొక్కుతున్నారు కూడా. అంటే భయపడటం కరెక్టేనని రోజూ దానికి రుజువు చేసి చూపించారు. మామూలుగా మాట్లాడితే తన్నులు తప్పవని నేర్చుకున్న కుక్క, ఇక తట్టుకోలేని రోజున మాట్లాడకుండా నేరుగా కరిచింది. హెచ్చరిక లేకుండా కరిచే కుక్కను ఆ ఇంట్లో మనుషులే, డబ్బిచ్చి మరీ, తయారు చేయించుకున్నారు. ఇది కోపంగా వినిపిస్తే వినిపించనివ్వండి, నాకు కోపంగానే ఉంది, కుటుంబం మీద కాదు, ఈ పద్ధతిని ఇంకా అమ్ముతున్న వాళ్ల మీద.

నేను ఇంట్లోకి వెళ్లినప్పుడు బ్రూనో హాల్లో ఒక మూల కూర్చుని ఉన్నాడు. చెవులు వెనక్కి, నోరు మూసి, తోక ఒంటికి అంటించి. "చూశారా సర్, ఎంత సైలెంట్‌గా ఉన్నాడో, ట్రైనింగ్‌తో ఇదైతే బాగా వచ్చింది" అన్నారాయన. నేను చూసింది వేరు. ఆయన లేచి నిలబడగానే కుక్క పెదవులు నాకింది. నా వైపు రాలేదు, నన్ను తప్పించుకుని పోనూ లేదు. మూడేళ్ల లాబ్రడార్ క్రాస్ కొత్త మనిషి వస్తే వాసన కూడా చూడకుండా బొమ్మలా కూర్చుంటే దాన్ని క్రమశిక్షణ అనలేం. 1967లో సెలిగ్మన్, మయర్ కుక్కల మీద చేసిన ప్రయోగం గుర్తుకొస్తుంది నాకు ఇలాంటప్పుడు: తప్పించుకోవడానికి వీల్లేకుండా షాకులు తిన్న కుక్కల్లో చాలా వరకు, తర్వాత చిన్న అడ్డు దూకితే తప్పించుకోగల చోట పెట్టినా దూకే ప్రయత్నమే చేయలేదు. ఏం చేసినా లాభం లేదని నేర్చుకున్న కుక్క కూడా బయటికి ప్రశాంతంగానే కనిపిస్తుంది.

తర్వాత నడిపించమన్నాను. కుడి వెనక కాలి మీద బరువు సరిగ్గా వేయట్లేదు, తిరిగేటప్పుడు నడుం బిగబట్టి మొత్తం ఒళ్లు ఒకేసారి తిప్పుతున్నాడు. ఇది కనిపెట్టిన గొప్ప నాది కాదు. ఆ ఇంటి పెద్దావిడ అప్పటికే చూసింది. "నేను లేచినట్టే లేస్తాడు బాబూ, ముందు కాళ్ల మీద లేచి, కాసేపాగి, అప్పుడు వెనక కాళ్లు. మొదట్నుంచీ చెప్తున్నా, ఎవరూ వినలేదు" అంది. రెండో కాటు ఎక్కడ పడిందో గుర్తుచేసుకోండి: సోఫా మీంచి దించబోతుంటే, నడుం కింద చేయి వేసి లాగబోతుంటే.

నా పద్ధతిలో, కరిచే కుక్కను మొదట వెటర్నరీ డాక్టర్ చూడాలి, ఆ తర్వాతే ట్రైనింగ్ ప్లాన్. నొప్పికీ కోపానికీ ఉన్న సంబంధం అంత బలమైనది, ముఖ్యంగా ప్రవర్తన ఉన్నట్టుండి మారినప్పుడు, లేదా ముట్టుకున్నప్పుడు, కదిలించినప్పుడు మాత్రమే సమస్య వచ్చినప్పుడు. ఎక్స్‌రేలో తుంటి కీళ్లు రెండూ సరిగ్గా కుదురుకోలేదని తేలింది, హిప్ డిస్‌ప్లేసియా, కుడివైపు ఎక్కువ, కీళ్లవాతం అప్పటికే మొదలైంది. లాబ్రడార్లలో మామూలుగా కనిపించే జబ్బే. ఆ తుంటితో ఉన్న కుక్కను ఆరోగ్యంగా ఉన్న ఒక మగమనిషి మెలితిప్పి వెల్లకిలా పడేసి నొక్కి పట్టాడు, రోజుకు ఎన్నిసార్లో వాళ్లకే లెక్క తెలియదు. డామినెన్స్ అనే లేబుల్ చేసే అన్నిటికంటే పెద్ద హాని ఇదే అని నా అభిప్రాయం. జవాబు ముందే దొరికిపోయింది కాబట్టి ఇంక ఎవరూ వెతకరు. కుక్క ఎందుకు దిగనంటోంది అంటే "పెత్తనం చేస్తోంది", అయిపోయింది. కాలు నొప్పేమో అన్న ప్రశ్నకు అందులో చోటే లేదు.

డాక్టర్ కుక్కలకిచ్చే నొప్పి మందు మొదలుపెట్టారు, బరువు తగ్గించమన్నారు. (మనుషుల మాత్రలు మాత్రం ఎప్పుడూ సొంతంగా వేయకండి, ఐబుప్రొఫెన్ కుక్కల కడుపునీ కిడ్నీలనీ దెబ్బతీస్తుంది.)

భర్తతో నాకు ఎక్కువ మాటలు జరిగింది ఈ దశలోనే. ఆయన చెడ్డవాడు కాదు, కుక్క అంటే ప్రాణం. ఆయన వాదన ఒకటే: "తోడేళ్లలో లీడర్ ఇలాగే లొంగదీసుకుంటాడట కదా సర్, అది వాటి భాష అట." ఈ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకు చెప్పాను, ఇక్కడా చెప్తాను. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త జూలో బంధించిన తోడేళ్లను గమనించి రాసిన వ్యాసం దీనికి మూలం. ఎక్కడికీ పోలేని ఇరుకు చోట కలిపి పెట్టిన తోడేళ్లు అవి, కొట్లాడుకున్నాయి. డేవిడ్ మెక్ అనే జీవశాస్త్రవేత్త 1970లో రాసిన పుస్తకంతో ఆల్ఫా, అంటే మందను లొంగదీసుకున్న నాయకుడు, అన్న మాట జనంలోకి వెళ్లింది. కానీ అదే మెక్, కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్ల మధ్య వరసగా ఎన్నో వేసవులు గడిపాక, 1999లో ఇంకో మాట రాశాడు: అడవిలో మంద అంటే అమ్మ, నాన్న, వాళ్ల పిల్లలు. అక్కడ పోటీపడి గెలిచిన రాజు ఎవరూ లేడు, పిల్లల్ని పెంచుకుంటున్న తల్లిదండ్రులున్నారు. తన పాత పుస్తకం అచ్చు వేయడం ఆపమని పబ్లిషర్‌ను ఆయనే ఏళ్ల తరబడి అడిగాడు, చివరికి 2022లో ఆగింది. ఆ ఆలోచనను ప్రపంచానికి పంచినవాడే వెనక్కి తీసుకున్నాడు, ట్రైనర్లు మాత్రం వదల్లేదు.

ఆల్ఫా రోల్ సంగతి కూడా అంతే. 1978లో ఒక పుస్తకంతో దాన్ని జనంలోకి తీసుకెళ్లిన, అమెరికాలో కుక్కలకు శిక్షణ ఇచ్చే న్యూ స్కీట్ మఠం సన్యాసులు, 2002లో తమ పుస్తకాన్ని సవరించినప్పుడు ఇది వద్దు అని చెప్పేశారు. కుక్కల మధ్య వెల్లకిలా పడుకోవడం అనేది ఉంది, కానీ పడుకునేది తనంతట తాను, గొడవ వద్దని చెప్పడానికి. అవతలి కుక్క దాన్ని పట్టుకుని తిప్పేయదు.

ఇది ప్రమాదం కూడా. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో హెరాన్, షోఫర్, రైస్నర్ 2009లో వేసిన పేపర్‌లో, ప్రవర్తన సమస్యలతో వచ్చిన 140 మంది కుక్కల యజమానుల్ని ఏ పద్ధతి వాడితే కుక్క ఎలా స్పందించిందని అడిగారు. కొట్టడం లేదా తన్నడం చేసినవాళ్లలో 43 శాతం మంది కుక్క తిరగబడిందన్నారు. ఆల్ఫా రోల్ చేసినవాళ్లలో 31 శాతం. కళ్లలోకి సూటిగా చూసి భయపెట్టినవాళ్లలో 30 శాతం. అవి అప్పటికే సమస్య ఉన్న కుక్కలు, నిజమే, కానీ ట్రైనర్‌ను పిలిచేది కూడా సమస్య ఉన్న కుక్కలకే కదా. అమెరికాలోని వెటర్నరీ బిహేవియర్ డాక్టర్ల సంఘం 2021లో ఏ కుక్కకూ, ఎంత కోపిష్టి కుక్కకైనా సరే, నొప్పి, భయం మీద ఆధారపడ్డ పద్ధతులు వాడకూడదని స్పష్టంగా ప్రకటించింది.

"మరి పనిచేసినట్టు ఎందుకు కనిపించింది సర్?" అని ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్న. కుక్కను నొక్కి పట్టగానే గుర్రుమనడం ఆగుతుంది, ఆ క్షణంలోనే. మనకు రిలీఫ్ దొరుకుతుంది. ఆ రిలీఫ్ మనకు బహుమతి, అందుకే మళ్లీ చేస్తాం. ఇక్కడ ట్రైనింగ్ జరుగుతున్నది మనిషికి. కాటు ఎప్పుడో వారాల తర్వాత వస్తుంది, అప్పటికి రెండిటికీ లంకె ఎవరికీ తట్టదు. ట్రైనర్ కూడా అప్పటికి అక్కడ ఉండడు.

ఇక మేం చేసింది. ముందుగా శిక్షలన్నీ ఆపేశాం, కొన్ని తగ్గించి కొన్ని ఉంచుకోవడం లాంటిది లేదు. ప్రాంగ్ కాలర్ తీసేసి ఛాతీకి పట్టే హార్నెస్ వేశాం. తిండి వేరే గదిలో, తలుపు వేసి, ఎవరూ వెళ్లకుండా. హాల్లో బేబీ గేట్. పాపకూ కుక్కకూ మధ్య పెద్దవాళ్లు ఒకరు మెలకువగా ఉండాలి, లేదంటే గేటు ఉండాలి, ఈ నియమానికి మినహాయింపు లేదు. చాలామందికి ఈ భాగం బోరు, వీడియోలో చూపించడానికి ఏమీ ఉండదు, కానీ కాట్లు ఆగేది దీనివల్లే. కుక్క ఆ తప్పును రోజూ ప్రాక్టీస్ చేస్తూ ఉంటే ఎంత గొప్ప ట్రైనింగ్ ఇచ్చినా నిలవదు.

బాస్కెట్ మజిల్, అంటే కరవకుండా మూతికి తొడిగే బుట్ట, అలవాటు చేశాం. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి చోటుండే రకం, గుడ్డతో నోరు బిగించేది కాదు. మొదట అందులో మాంసం ముక్క వేసి పట్టుకోవడం, వాడే మూతి పెట్టడం, తర్వాత కాసేపు పట్టీ, తర్వాత నడక. భార్య మొదట ఒప్పుకోలేదు, "చూసేవాళ్లు ఏమనుకుంటారు" అని. రెండు వారాలకు మజిల్ చూడగానే వాడే పరిగెత్తుకొచ్చి మూతి పెట్టడం చూశాక ఆమే అందరికీ చూపించడం మొదలుపెట్టింది.

గిన్నె దగ్గర పని నొప్పి మందు పట్టాకే మొదలుపెట్టాం. కొత్త గిన్నె, కొత్త గది, పాత జ్ఞాపకాలేవీ లేని చోటు. బ్రూనో తింటుంటాడు, ఒక పెద్ద మనిషి దూరంగా నడిచి వెళ్తాడు, ఎంత దూరం అంటే వాడి తినే వేగం మారనంత దూరం. వెళ్తూ వెళ్తూ గిన్నెలో ఉన్నదానికంటే రుచైన ముక్క ఒకటి గిన్నె వైపు విసిరి, ఆగకుండా వెళ్లిపోతాడు. అంతే. చేయి పెట్టడం లేదు, గిన్నె తీయడం లేదు, పలకరింపు కూడా లేదు. మనిషి వస్తే తిండి పోదు, ఇంకా మంచిది వస్తుంది అన్నది వాడి ఒంటికి అర్థం కావాలి. అడుగు దగ్గరికి జరగడానికి గుర్తు ఏంటంటే, మనిషి అలికిడికి వాడు తల పైకెత్తి ఎదురుచూడాలి, ఒళ్లు వదులుగా ఉండాలి. గబగబా మింగడం మొదలుపెట్టినా, గిన్నె మీద వంగి బిగుసుకున్నా, మనం తొందరపడ్డాం అని, రెండడుగులు వెనక్కి. పాప ఈ అభ్యాసంలో లేదు, ఇప్పటికీ లేదు.

సోఫా సంగతి ఇంకా తేలికగా తేలింది. వాడికి అది కావాల్సి వచ్చింది మెత్తగా ఉండటం వల్లే. మందపాటి పరుపు ఒకటి నేల మీద వేస్తే సగం సమస్య పోయింది. మిగతా సగానికి, అరచేతికి ముక్కు తాకించడం నేర్పాం, తాకితే ట్రీట్. సోఫా మీద ఉన్నప్పుడు దూరం నుంచి అరచేయి చూపిస్తే తనంతట తాను దిగి వస్తాడు, తొందర లేకుండా, తన కాళ్లను తనకు నొప్పి లేకుండా పెట్టుకుంటూ. ఎవరూ నడుం మీద చేయి వేయరు.

నడకల్లో వేరే కుక్కల మీద మొరగడం కూడా ప్రాంగ్ కాలర్ వేశాకే మొదలైందని మాటల్లో బయటపడింది. కుక్క కనిపించగానే మెడకు ముళ్లు గుచ్చుకుంటే, ఆ నొప్పి ఎదుటి కుక్క వల్లే వచ్చిందని వాడు అనుకోవడంలో తప్పేముంది. పావ్లోవ్ ప్రయోగంలో గంట తర్వాత తిండి వచ్చీ వచ్చీ, గంట వినగానే కుక్కలకు లాలాజలం ఊరినట్టు, వీడికి దూరపు కుక్కకు భయం అలా అతుక్కుంది. దీన్ని విడదీయడానికి, కుక్క కనిపించినా మొరగనంత దూరంలో నిలబడి, అది కనబడుతున్నంతసేపూ ట్రీట్లు, అది పోగానే ట్రీట్లు బంద్. నెమ్మదైన పని, ఇంకా నడుస్తోంది.

కొన్నాళ్లకు ఒకరోజు భర్త ఫోన్. గొంతులో టెన్షన్. "సర్, మళ్లీ గుర్రుమన్నాడు. అంతా మొదటికొచ్చింది." ఇంటికొచ్చిన బంధువు ఒకాయన, నేను కుక్కలతో పెరిగినవాణ్ని అంటూ తలుపు తీసుకుని వెళ్లి తింటున్న బ్రూనో వీపు మీద చేయి వేశాడట. బ్రూనో తినడం ఆపి, బిగుసుకుని, గుర్రుమన్నాడు. ఆయన చేయి తీసేశాడు. బ్రూనో మళ్లీ తినడం మొదలుపెట్టాడు.

"కరిచాడా?" అని అడిగాను.

"లేదు సర్."

"మీరేం చేశారు?"

"ఏం చేయలేదు, బావగారిని బయటికి తీసుకొచ్చేశాను."

ఆ కేసులో నేను అన్నిటికంటే ఎక్కువ సంతోషించింది ఆ ఫోన్‌కే. ఆర్నెల్ల క్రితమైతే అదే చోట అదే చేతికి కాటు పడేది. కుక్క మళ్లీ మాట్లాడింది, మనుషులు విన్నారు, అందరూ క్షేమం. గుర్రుమనడం వెనక్కి రావడాన్ని నేను ముందే ఊహించి వాళ్లకు చెప్పాను, అది వస్తే తిట్టొద్దు, దూరం జరగండి, తర్వాత నాకు చెప్పండి అని. అయినా ఆ క్షణంలో భయం వేస్తుంది, సహజం. ఫోన్‌లో ఆయనకు మళ్లీ చెప్పింది కూడా అదే: గుర్రుమంటే పరిస్థితిని మార్చండి, కుక్కను కాదు. ఆ గదికి గడియ మాత్రం ఆ సాయంత్రమే పెట్టించారు.

ఇప్పటి పరిస్థితి: నా దగ్గరికి వచ్చినప్పటినుంచి ఇంకో కాటు లేదు. పెద్దవాళ్లు గిన్నెకు అడుగు దూరం దాకా వెళ్లి ముక్క వేసి రాగలరు, కానీ రోజువారీ తిండి ఇప్పటికీ తలుపు వేసిన గదిలోనే, అలాగే ఉండాలని నేనే చెప్పాను. బరువు తగ్గింది, కుడికాలు ఇంకా కొద్దిగా ఈడుస్తాడు, చలికాలంలో మందు మోతాదు డాక్టర్ మళ్లీ చూస్తారు. మెడ దగ్గర చేయి పెడితే ఇప్పటికీ బిగుసుకుంటాడు, ప్రాంగ్ కాలర్ మిగిల్చిపోయింది అది. ఎంతవరకు పోతుందో ఇప్పుడే మాట ఇవ్వలేను కాబట్టి హార్నెస్ తలమీంచి వేసేది మార్చి పక్కన బకిల్ పెట్టుకునేది తెప్పించాం. పెద్దావిడ మాత్రం వాడి పరుపు తన మంచం పక్కకు జరిపించుకుంది, పొద్దున్నే ఇద్దరూ కలిసి మెల్లగా లేచి నడకకు వెళ్తున్నారు. వచ్చే నెల ఎక్స్‌రే చూశాక సర్జరీ అవసరమా అన్నది డాక్టర్ చెప్తారు, ఆస్పత్రికి వెళ్లేటప్పటికి మజిల్‌తో పాటు టేబుల్ మీద నిలబడటం, వెనక కాళ్లు ముట్టుకోనివ్వడం అలవాటు చేయడమే ప్రస్తుతం మా పని.